పెరట్లో తుమ్మి మడి: తేనెటీగల కోసం ఎలా పెంచాలి

తేనెటీగలు రావాలంటే ఏ మొక్క పెట్టాలి అని వెతికితే ముందు కనిపించేవి ఆన్‌లైన్‌లో అమ్మే వైల్డ్‌ఫ్లవర్ మిక్స్ ప్యాకెట్లు. కవరు మీద బొమ్మ కళ్లు చెదిరేలా ఉంటుంది. అందులో కాస్మోస్ లాంటివి మన ఎండకు కాస్త నిలబడతాయేమో గానీ పాపీలు, కార్న్‌ఫ్లవర్లు చల్లటి ఊళ్ల పూలు, వాటిని తెచ్చి తిరుపతి ఎండలో చల్లి రోజూ నీళ్లు మోసుకుంటూ కూర్చోవడం నా దృష్టిలో డబ్బు దండగ. మన దగ్గర ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్న మొక్క ఒకటుంది. చెనిక్కాయ చేలో రైతు కలుపని పీకేస్తాడు, ఖాళీ ప్లాట్లలో దానంతటదే మొలుస్తుంది, సోమవారం శివుడికి పూలు కావాలంటే మాత్రం పెద్దవాళ్లకు గుర్తొస్తుంది. తుమ్మి. మన జిల్లాలో తమిళం కలిసిన ఊళ్లలో తుంబ అంటారు. ఒక్క ఏడాది కూడా బతకదు, వానలకు మొలిచి, పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది, మోకాలెత్తు దాటడం అరుదు.

ఇంత చిన్న మొక్క చుట్టూ ఎన్ని తేనెటీగలు, సీతాకోకలు తిరుగుతాయో తెలియాలంటే వానాకాలంలో పొద్దున తొమ్మిది పది గంటలప్పుడు ఏదైనా తుమ్మి గుంపు దగ్గర కాసేపు నిలబడండి చాలు. దాన్నే ఇంట్లో మూడడుగుల మడిలోనో మిద్దె మీద టబ్బులోనో కావాలని పెంచడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. పెద్ద కష్టం లేదు. కష్టమల్లా పీకకుండా ఉండాల్సిన చోట పీకకుండా ఉండటం.

ముందు మొక్కను గుర్తుపట్టండి

నర్సరీలో అడిగితే దొరకదు, అడిగితే మీ వంక వింతగా చూస్తారు కూడా. కాబట్టి మీరే గుర్తుపట్టాలి. కాండాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి, నాలుగు పలకలు చేతికి తగులుతాయి. ఆకులు సన్నగా, పొడుగ్గా, ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, కింది జంట ఒక దిక్కుకు ఉంటే పై జంట దానికి అడ్డంగా ఉంటుంది. ఆకు నలిపితే ఘాటు వాసన వస్తుంది. తులసి కుటుంబమే కదా మరి. పూలు తెల్లగా, గోరంత ఉంటాయి, కాండం చుట్టూ కణుపు దగ్గర ఆకుపచ్చ బుడిపెలోంచి గుండ్రంగా చుట్టుకొని వస్తాయి. ఒక పువ్వును మెల్లగా లాగితే వెంటనే ఊడి చేతికొచ్చేస్తుంది, దాని మొదలు చప్పరిస్తే నాలుక్కి చిటికెడు తీపి తగులుతుంది. చిన్నప్పుడు చాలామంది చేసిన పనే.

ఇంకొక తుమ్మి ఉంది, పెద్ద తుమ్మి అంటారు, దాని పూల బుడిపె బాగా లావుగా, కాండం చివర బంతిలా ఉంటుంది. అది దొరికినా పరవాలేదు, పెంచే పద్ధతి దాదాపు ఇదే. జాగ్రత్త పడాల్సింది సీమ తులసి అనే మొక్క విషయంలో. అది కూడా నాలుగు పలకల కాండమే, వాసన కూడా ఘాటే, కానీ ఆకు వెడల్పు, పువ్వు నీలం ఊదా, మనిషెత్తు పెరిగి చుట్టుపక్కలంతా ఆక్రమిస్తుంది. దాని గింజ మాత్రం ఇంటికి తేవద్దు.

గింజ ఎక్కడ, ఎప్పుడు

పూత అయిపోయి బుడిపెలు గోధుమ రంగుకు తిరిగిన మొక్క కోసం చూడండి. మన వైపు అయితే దసరా నుంచి సంక్రాంతి దాకా ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటుంది. రేణిగుంట రోడ్డు పక్కన, చంద్రగిరి వైపు పొలం గట్ల మీద, కట్టకుండా వదిలేసిన ప్లాట్లలో, రైల్వే లైను పక్కన ఉండే ఖాళీ జాగాల్లో. పొలంలోదైతే రైతును ఒక మాట అడగండి, కలుపు తీసుకెళ్తానంటే ఎవరూ కాదనరు. శేషాచలం కొండల్లోకి మాత్రం గింజల కోసం వెళ్లొద్దు. అది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు కూడా, అక్కడ ఆకు కోసినా నేరమే. కింద ఊళ్లో దొరికేదానికి కొండెక్కడం దేనికి?

ఎండిన బుడిపె ఒకటి తుంచి అరచేతిలో పెట్టుకొని నలపండి. ఒక్కో పువ్వు ఉన్న చోట పచ్చి తొడిమ గొట్టంలా మిగిలి ఎండిపోతుంది, ఆ గొట్టం అడుగున నాలుగు దాకా చిన్న గోధుమ రంగు గింజలుంటాయి. నున్నగా, కాస్త పొడుగ్గా, ఆవగింజ కంటే సన్నం. గొట్టం నోరు పైకి తెరుచుకొని ఉంటుంది కాబట్టి గట్టిగా గాలి వీచినా, మనిషి తగిలినా గింజ రాలిపోతుంది, అందుకే మొక్కను పీకి బండి మీద తెస్తే ఇంటికొచ్చేసరికి సగం దారిలోనే పోతుంది. కాయితం కవరు తీసుకెళ్లి, కాండాన్ని కవరులోకి వంచి అక్కడే కత్తిరించి, తలకిందులుగా వేసుకోండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది.

ఒకచోట ఉన్న మొక్కలన్నీ ఊడ్చుకురావద్దు. నాలుగింట ఒకటి తీసుకుంటే మీ మడికి కావాల్సిన దానికంటే ఎక్కువే వస్తుంది. ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, కవరులోనే దులిపి, చాటలో వేసి చెరిగితే పొట్టు పోతుంది. ఫ్యాను కింద పెట్టి చెరిగేరు, గింజ కూడా ఎగిరిపోతుంది. సీసాలో పోసి, రెండు ఎండు వేపాకులు వేసి, ఎక్కడ తెచ్చారో ఏ నెలలో తెచ్చారో చీటీ రాసి మూతలో పెట్టండి.

గింజ దొరికే కాలం కాకపోతే ఇంకో దారి ఉంది. మొదటి వానలకు మీ వీధిలోనే మొలకలు కనిపిస్తాయి, నాలుగాకుల దశలో, నేల తడిగా ఉన్నప్పుడు వేరు చుట్టూ మట్టితో సహా స్పూనుతో లేపి తెచ్చి సాయంత్రం పూట నాటుకోండి. పెద్ద మొక్కను పీకి తెచ్చి నాటితే బతకడం కష్టం.

చోటు, మట్టి

రోజుకు ఐదారు గంటలు ఎండ తగలాలి. పొద్దుటి ఎండ ఉంటే మరీ మంచిది, తేనెటీగలు పొద్దున్నే పనిలో దిగుతాయి కాబట్టి. మామిడి చెట్టు కింద చిక్కటి నీడలో పెడితే మొక్క సాగిపోయి పూత తగ్గుతుంది.

మట్టి గురించి ఎక్కువ ఆలోచించకండి. మన ఎర్రమట్టే చాలు. దాన్ని అరడుగు లోతు గుల్ల చేసి, పెద్ద రాళ్లు ఏరేసి, మరీ గట్టి నేలయితే కాస్త ఇసుక కలపండి. ఇక్కడ అందరూ చేసే పని ఏంటంటే, కొత్త మడి కదా అని వర్మీకంపోస్టు, పేడ ఎరువు గంపలు గంపలు పోస్తారు. తుమ్మి బీద నేలలో పెరిగే మొక్క, ఎక్కువ బలం పడితే ఆకు మీద పడి పువ్వు మరిచిపోతుంది. మూడడుగుల మడికి బాగా మాగిన పేడ ఎరువు రెండు దోసిళ్లు, అంతే. యూరియా ఊసే వద్దు.

ఒక్క మొక్క కాదు, గుంపుగా పెంచండి. పువ్వు చిన్నది, ఒక్కో పువ్వులో ఉండే తేనె బొట్టు కూడా లేనంత. నాలుగు చోట్ల నాలుగు మొక్కలుంటే ఈగకు తిరుగుడు ఎక్కువ, రాబడి తక్కువ. తేనెటీగ ఒకసారి బయల్దేరితే సాధారణంగా ఒకే రకం పువ్వు పట్టుకొని తిరుగుతుంది, కాబట్టి ఒకేచోట పాతిక ముప్పై మొక్కలుంటే దానికి ఆగి పనిచేసుకోవడం గిట్టుబాటవుతుంది. మూడడుగులకు మూడడుగులు ఉన్నా ఆ మాత్రం పడతాయి.

మిద్దె మీదైతే అడుగు లోతు కూడా అక్కర్లేదు, ఎనిమిది అంగుళాల లోతు, వీలైనంత వెడల్పు ఉన్న టబ్బు చాలు. పగిలిన నీళ్ల డ్రమ్మును అడ్డంగా కోయించినా సరే, చేపల థర్మాకోల్ పెట్టె అయినా సరే. అడుగున బొక్కలు మాత్రం గట్టిగా పెట్టండి. అక్టోబరు నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే మన దగ్గర రోజుల తరబడి వదలదు, 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో తెలుసు కదా, నీళ్లు నిలిచిన టబ్బులో తుమ్మి వేరు కుళ్లి మొక్క తలవాల్చేస్తుంది. రెండు ఇటుకల మీద ఎత్తిపెడితే నీళ్లు కిందికి పోతాయి, మిద్దెకు చెమ్మ పట్టదు.

రెండు విడతల్లో చల్లండి

మనకు ఒక అదృష్టం ఉంది. కోస్తా పై జిల్లాల్లో, తెలంగాణలో అసలు వాన నైరుతిదే. తిరుపతి, చిత్తూరు వైపు నైరుతిలో కొంత పడి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో మళ్లీ గట్టిగా పడుతుంది. అంటే ఏడాదిలో రెండుసార్లు చల్లే వీలుంది.

గంగమ్మ జాతర అయిపోయాక, ఎండలు ఇంకా మండుతుండగానే మడి తవ్వి ఆరబెట్టుకోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో గింజ చల్లి లాభం లేదు. మృగశిర వచ్చి, నేల రెండంగుళాల లోతు తడిసేలా ఒక వాన పడ్డాక మొదటి విడత. సెప్టెంబరు చివర, హస్త కార్తె వచ్చే వేళకు రెండో విడత, పక్కనే ఇంకో మడిలోనో ఇంకో టబ్బులోనో. మొదటిది ఆగస్టు, సెప్టెంబరుల్లో పూస్తుంది, అది ముసలిదయ్యేసరికి రెండోది అందుకుంటుంది. ఒకేసారి అంతా చల్లేస్తే ఒకేసారి పూసి ఒకేసారి ఎండిపోతుంది, ఆ తరవాత వచ్చిన ఈగకు మీ ఇంట్లో ఏమీ ఉండదు.

చల్లేదెలా అంటే, మూడడుగుల మడికి ఒక టీ స్పూను గింజ తీసుకొని పిడికెడు పొడి ఇసుకలో కలపండి. ఇసుక కలపకపోతే అన్నీ ఒకేచోట పడి మొలక ముద్దగా వస్తుంది. సగం ఇటు నుంచి అటు, మిగతా సగం అడ్డంగా చల్లండి. పైన మట్టి కప్పొద్దు. అరచేత్తో మెల్లగా అదిమితే చాలు, ఇంత చిన్న గింజను అంగుళం లోతున పాతిపెడితే పైకి రావడానికి దానికి శక్తి చాలదు. చీమల బెడద ఉంటే మడి చుట్టూ కట్టెల పొయ్యి బూడిద గీత గీయండి, వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్లీ గీయాలి.

మొలక వచ్చేదాకా పై మట్టి ఆరకూడదు. బకెట్టుతో కుమ్మరిస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి, స్ప్రే సీసాతో గానీ, వేళ్ల సందుల్లోంచి గానీ చిలకరించండి. పాత చీర ముక్క తడిపి మడి మీద పరిచినా తేమ నిలుస్తుంది, మొలక తొంగిచూసిన రోజే తీసేయాలి. అన్నీ ఒకేసారి మొలవవు. వారానికి కొన్ని, రెండు వారాలకు కొన్ని, ఇంకొన్ని తరవాతి వానకు. అడవి మొక్క బుద్ధి అది, అన్నీ ఒకే వానను నమ్ముకోవు.

మొలకల్లో ఏది మనది

ఇక్కడే చాలామందికి టెన్షన్. తడి నేల మీద పాతిక రకాలు మొలుస్తాయి, అందులో తుమ్మి ఏది? చల్లేటప్పుడే ఒక చిన్న కుండీలో వేయించిన మట్టి పోసి అందులో కాసిన్ని గింజలు వేసి పక్కన పెట్టుకోండి. ఆ మట్టిలో వేరే గింజలు చచ్చిపోయి ఉంటాయి కాబట్టి అందులో మొలిచిందల్లా తుమ్మే. దాన్ని చూసి మడిలో పోల్చుకోవచ్చు.

రెడ్డివారి నానబాలు తుంచితే పాలు కారతాయి, సులువుగా తెలుస్తుంది. గడ్డి చామంతి ఆకు అంచులు రంపంలా ఉంటాయి, అది కూడా ఈగలకు ఇష్టమైనదే, మడి గట్టు మీద ఒకటి రెండు వదలండి, లోపలికి రానిస్తే పాకి అంతా కప్పేస్తుంది. కనపడిన వెంటనే వేరుతో పీకాల్సింది వయ్యారిభామ. దాని మొలక ఆకు క్యారెట్ ఆకులా చీలికలుగా ఉంటుంది. అడవి పూల మడి పెడుతున్నాం కదా, మొలిచిందల్లా ఉండనిద్దాం అనుకుంటే మొదట జొరబడేది అదే, దాని పుప్పొడి పడని వాళ్లకు దురదలు, ఆయాసం వస్తాయి. పూతకు రాకముందే, చేతికి గ్లౌజులు వేసుకొని పీకండి.

తుమ్మి మొలకలు నాలుగైదు ఆకులకు వచ్చాక మధ్యలో జానెడు కంటే కాస్త తక్కువ దూరం ఉండేలా పలచన చేయండి. మనసొప్పదు, కానీ చేయాలి. పీకినవి లేతగా ఉంటాయి, పప్పులో వేసుకోవచ్చు. తెలంగాణలో వినాయక చవితి నాడు తుమ్మికూర వండుకోవడం ఆనవాయితీ, అక్కడి చుట్టాలుంటే ఎలా వండుతారో అడగండి. రోడ్డు పక్కన తెచ్చిన మొలకలను మాత్రం కూరకు వాడొద్దు, కుక్కలు తిరిగే చోటు, మోరీ నీళ్లు పారే చోటు.

మొక్క బెత్తెడు ఎత్తు వచ్చాక తల ఒక్కసారి తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది, కొమ్మ కొమ్మకూ బుడిపెలు వస్తాయి. ఈ పని మొత్తం మడికి చేయకండి, సగం మొక్కలకు చేస్తే అవి కాస్త ఆలస్యంగా పూసి పూత కాలం సాగుతుంది. వాన లేని వారంలో రెండుసార్లు నీళ్లు చాలు, టబ్బులకైతే రోజు విడిచి రోజు. మధ్యాహ్నం ఎండకు ఆకు వాడినట్టు కనిపించినా కంగారుపడకండి, సాయంత్రానికి లేవకపోతే అప్పుడు పోయండి.

పూత మొదలయ్యాక

మొలిచిన రెండు నెలలకు అటూ ఇటూగా మొదటి తెల్ల పూలు కనపడతాయి. ఇప్పుడు ఒక స్టూలు వేసుకొని మడి పక్కన కూర్చోండి. పువ్వును దగ్గరగా చూస్తే రెండు పెదవులుంటాయి. కింది పెదవి వెడల్పుగా, మూడు భాగాలుగా చీలి ముందుకు చాచి ఉంటుంది, ఈగ వచ్చి వాలేది దాని మీదే. పై పెదవి పొట్టిది, వంగి ఉంటుంది, దాని మీద తెల్లటి నూగు. కేసరాలు ఆ పై పెదవి కింద దాక్కొని ఉంటాయి. ఈగ తేనె కోసం తల లోపలికి దూర్చగానే పై నుంచి కేసరాలు దాని వీపుకు రాసుకుంటాయి, పుప్పొడి అంటుకుంటుంది, అది పక్క పువ్వులో దూరినప్పుడు అక్కడ అంటుతుంది. వీపు మీద పొడి కాబట్టి ఈగకు దాన్ని దులుపుకోవడం కూడా అంత సులువు కాదు. ఇదంతా రెండు సెకన్లలో అయిపోతుంది, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది.

ఎవరెవరు వస్తారంటే, పొదల కొమ్మలకు అరచేయంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ, చెట్టు తొర్రల్లో గోడ సందుల్లో ఉండే తేనెటీగ, లేత పసుపు రంగు చిన్న సీతాకోకలు. ఇంకా అదృష్టం ఉంటే పొట్ట మీద నీలం చారలున్న ఈగ, ఇదీ తేనెటీగల జాతిదే. అది గాల్లో ఒకచోట నిలబడి జుయ్యిమని, ఒక్క క్షణం వాలి, మళ్లీ ఎగురుతుంది. దానికి తుమ్మి లాంటి పూలు ఇష్టం. కూరగాయలు పెంచేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా పిలిపించుకోవాలి. టమాటా, వంకాయ పూలలో పుప్పొడి కేసరాల లోపల మూసి ఉంటుంది, పువ్వు అదిరితేనే బయటికి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు, నీలం చారల ఈగ పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను అదిలించి పొడి రాలుస్తుంది. టమాటా ఒంటరిగా కూడా కాయ కడుతుంది గానీ, ఇలా అదిరిన పువ్వుకు కాయ మెరుగ్గా కడుతుంది. దోస, గుమ్మడి పక్కన తుమ్మి మడి ఉంటే వాటికి పొద్దున్నే వచ్చే ఈగల రాకపోకలు పెరుగుతాయి. సొరకాయకు మాత్రం ఆశ పెట్టుకోకండి, దాని పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, అప్పటికి తేనెటీగలు ఇంటికెళ్లిపోతాయి, దానికి రాత్రి పురుగులే దిక్కు, లేదా మీ చెయ్యి.

కుట్టవా అని అడుగుతారు. పువ్వు మీద పనిలో ఉన్న ఈగ మన జోలికి రాదు, చేత్తో పట్టుకుంటేనో కాలు కింద పడితేనో తప్ప. చెప్పుల్లేకుండా మడిలో నడవొద్దని పిల్లలకు చెప్పండి. పూజకు పూలు కోసుకోవచ్చు, కార్తీకంలో శివుడికి కావాలి కదా, కానీ ఒక మూలవే కోసుకొని మిగతా వదిలేయండి.

మందు కొట్టే ఇంట్లో ఈ మడి వద్దు

దీని మీద నేను మొహమాటపడను. పక్కన మిరపకో మందారానికో పేనుబంక పట్టిందని ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు కొట్టి, ఇటు తేనెటీగలను పిలవడం అంటే భోజనానికి పిలిచి విషం పెట్టడమే. ఆ మందు ఆకు మీద ఆగదు, మొక్కంతా పాకి తేనెలోకి, పుప్పొడిలోకి వెళ్తుంది. యూరప్ దేశాలు 2018లో ఆరుబయట పొలాల్లో దీని వాడకాన్ని ఆపేసింది తేనెటీగల కోసమే. షాపులో తెల్లపొడి, నీళ్ల మందు అని పేరు లేకుండా పొట్లం కట్టిచ్చేది ఏదైనా తీసుకోవద్దు, డబ్బా అడిగి పేరు చదవండి. నర్సరీలో కొన్న పూల మొక్కలకు ముందే మందు కొట్టి ఉండొచ్చు, కొత్తవి తెస్తే తుమ్మి మడికి కొంచెం దూరంగా ఉంచండి.

పేనుబంకకు ముందు నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి చూడండి, సగం పోతుంది. తగ్గకపోతే వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి, పొద్దు వాలాక, పువ్వు మీద పడకుండా ఆకు అడుగున కొట్టండి. ఇంకో మంచి ఉపాయం, వంటకు వేసుకున్న కొత్తిమీరలో నాలుగు మొక్కలు కోయకుండా పూతకు వదలడం. ఆ తెల్ల పూలకు గాల్లో నిలబడి ఎగిరే చారల ఈగలు వస్తాయి, చూడ్డానికి తేనెటీగలా ఉంటాయి గానీ కుట్టవు, వాటి పిల్ల పురుగులు పేనుబంకను తినేస్తాయి. సబ్జా, తులసి వెన్నులు కూడా అప్పుడప్పుడు తుంచకుండా వదిలితే తుమ్మి లేని వారాల్లో ఆదుకుంటాయి.

అన్ని ఈగలూ పట్టు పెట్టవు. నీలం చారల ఈగ లాంటివి ఒంటరివి, నేలలోనో మట్టిగోడలోనో పెన్సిలంత బొక్క చేసుకొని గుడ్లు పెడతాయి. పెరడంతా సిమెంటు, టైల్సు వేయిస్తే వాటికి చోటే ఉండదు. ఎండ పడే మూల ఒక చాపంత నేలను తవ్వకుండా, కప్పకుండా వదలండి. పక్కన వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు పోసి, రాళ్ల తలలు పైకి కనపడేంత నీళ్లు పెట్టండి, వేసవిలో మరీ అవసరం. రోజూ మార్చండి, లేకపోతే దోమలు.

చుట్టుపక్కల వాళ్లు, పాములు

తుమ్మి మడి పూతలో ఉన్నంతకాలం బాగుంటుంది, ఎండేటప్పుడు అచ్చం చెత్తలా కనిపిస్తుంది. ఇంటి ఓనరు, పక్కింటి ఆంటీ, శుభ్రం చేయడానికొచ్చిన మనిషి, ఎవరో ఒకరు పీకేస్తారు. మడి చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతి, సున్నం కొట్టి, తేనెటీగల మడి అని చిన్న పలక పెట్టండి. కావాలని పెంచుతున్నట్టు కనబడితే ఎవరూ ముట్టుకోరు.

పాములొస్తాయనే భయం అందరికీ ఉంటుంది. మోకాలెత్తు లేని మడికి పాము ప్రత్యేకంగా రాదు, దాన్ని రప్పించేవి ఎలుకలు, పోగేసిన ఇటుకలు, కట్టెలు, వాటిని సర్దండి. మడి చుట్టూ రెండడుగులు ఊడ్చి ఉంచండి. పాము కరిస్తే తుమ్మి ఆకు రసం పోయమని పెద్దవాళ్లు చెబుతారు, ఆ నమ్మకంతో ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు, తిన్నగా రుయా ఆస్పత్రికో దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికో తీసుకెళ్లాలి.

గింజ దాచుకోవడం, వచ్చే ఏడాది

బుడిపెలు అడుగు నుంచి పైకి ఎండుతూ వస్తాయి. కిందివి ఎండి రాలుతుంటే పైన ఇంకా పూలుంటాయి, కాబట్టి మొక్క మొత్తం ఎండేదాకా ఆగితే మీకు మిగిలేది పొట్టే. కింది బుడిపెలు గోధుమ రంగుకు తిరగ్గానే వాటినే తుంచి కవరులో వేసుకోండి. మూడింట రెండు వంతులు మడిలోనే రాలనివ్వండి. ఎండిన మొక్కలను పీకి పారేయకుండా అక్కడే అడ్డంగా పడుకోబెట్టండి, గింజ రాలుతుంది, నేల కప్పుతుంది. వేసవిలో ఆ మడిని తవ్వొద్దు, బోర్లించి తవ్వితే గింజలన్నీ అడుగుకు పోతాయి. జూన్‌లో పై పైన పారతో గీరి వదిలేస్తే మొదటి వానకే మొలుస్తాయి, ఇక మీరు చల్లేది ఖాళీలున్న చోట మాత్రమే.

రెండో ఏడు నుంచి పూల కుండీల్లో, దారి సందుల్లో, పక్కింటి గేటు దగ్గర కూడా మొలుస్తుంది. వేరు పైపైనే ఉంటుంది, వాన పడ్డ మర్నాడు రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. చుట్టుపక్కల చెనిక్కాయ, కూరగాయల పొలాలుంటే గట్టు దాటకుండా చూసుకోవడం మీ పూచీ, వాళ్లకది కలుపే. మిగిలిన గింజ అడిగిన వాళ్లకు ఇవ్వండి, మిద్దె తోటల వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇచ్చేటప్పుడు పొట్లం మీద పేరు, చల్లే నెల రాసివ్వండి, రాయకపోతే వాళ్లింట్లో అది పోపుల డబ్బాలోకి చేరుతుంది.